ఇంటిపేరు ఒకరిది, రక్తం ఇంకొకరిది: జపాన్ ప్రభువుల ఇళ్లలో వారసత్వం ఎలా నడిచింది

ఓటీటీలో సమురాయ్‌ల కాలం నాటి జపాన్ సిరీస్ ఏదైనా మొదలుపెట్టి చూడండి, రెండో ఎపిసోడ్‌కల్లా తల తిరుగుతుంది. చిన్నప్పుడు ఒక పేరుతో కనిపించిన కుర్రాడు పెద్దయ్యాక ఇంకో పేరుతో తిరుగుతుంటాడు, కొన్నాళ్లకు ఇంటిపేరు కూడా మారిపోతుంది, శత్రువు కొడుకు అనుకున్నవాడు ఈ ఇంటి వారసుడై కూర్చుంటాడు, కన్నకొడుకేమో గుండు చేయించుకుని ఏదో బౌద్ధ మఠంలో ఉంటాడు. దీనికి తోడు ఇప్పుడు జపాన్ చక్రవర్తి కుటుంబంలో వారసులు తగ్గిపోయారనీ, దూరపు దాయాదుల ఇళ్ల నుంచి మగపిల్లల్ని దత్తత తీసుకోవచ్చా అని అక్కడ వాదోపవాదాలు నడుస్తున్నాయనీ వార్తలు వస్తున్నాయి. "దత్తతలు జపాన్‌లో మామూలేగా, మరి అంత రచ్చ దేనికి?" అన్నది చాలామందికి వచ్చే డౌటు.

రెండు చిక్కులకీ ముడి ఒకచోటే ఉంది. ఆ ప్రభువుల ఇళ్లలో తండ్రి చనిపోతే కొడుకు చేతికి అసలు ఏం వచ్చేది? భూమి అనుకుంటే కథలో సగమే అర్థమవుతుంది. పైగా ఆ జవాబు ఏడు వందల ఏళ్లలో కనీసం మూడుసార్లు మారింది. మనం అన్ని కాలాల్నీ కలిపి ఒకే "జపాన్ పద్ధతి" అనుకుంటాం కాబట్టే అయోమయం.

నాలుగు మాటలు ముందే తెలుసుకుంటే తేలిక

షోగున్ అంటే సైన్యాధిపతి. చక్రవర్తి క్యోతోలో పేరుకి ఉండేవాడు, పాలన షోగున్ చేసేవాడు. దైమ్యో అంటే పెద్ద ప్రభువు, మన సంస్థానాధీశుడి లాంటివాడు. ఆయన స్థాయిని ఎకరాల్లో కాకుండా కొకుల్లో కొలిచేవారు. ఒక కొకు దాదాపు 150 కిలోల బియ్యం, అంటే ఒక మనిషి ఏడాది తిండి అనుకోవచ్చు. తొకుగావా షోగున్ల కాలంలో (1603–1868) 10,000 కొకులు, ఆపైన పండే సీమ చేతిలో ఉన్నవాడే దైమ్యో. అలాంటివాళ్లు సుమారు 260 మంది ఉండేవారు.

నాలుగో మాట "ఇయె". దీనికి సరిపోయే మాట మనకూ ఉంది: ఇల్లు. "ఆ ఇల్లు నిలబడింది", "ఆ ఇంటి పరువు పోయింది" అన్నప్పుడు మనం గోడల గురించి మాట్లాడం కదా, సరిగ్గా ఆ అర్థంలోనే. ఇంటిపేరు, హోదా, పూర్వీకుల సమాధుల దగ్గర చేయాల్సిన పూజలు, ఆ ఇంటిని నమ్ముకున్న వందలు వేల సమురాయ్ కుటుంబాల జీతబత్యాలు, అన్నీ కలిస్తే ఇయె. ఇంటి పెద్ద అంటే దాన్ని కొంతకాలం మోసే మనిషి. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతాదంతా దారిలోకి వస్తుంది.

మొదట్లో అందరికీ వాటాలే, ఆడపిల్లలకు కూడా

పన్నెండో శతాబ్దం చివర కమకురాలో మొదటి షోగున్ ప్రభుత్వం ఏర్పడేనాటికి సమురాయ్ ఇళ్లలో ఆస్తి పంచుకునేవారు. ఒక కొడుకు ఇంటి పెద్దగా ఉంటాడు, ఆయన్ని "సోర్యో" అనేవారు, ఉమ్మడి కుటుంబంలో కర్త లాంటివాడు. పెద్ద వాటా ఆయనది. మిగతా కొడుకులకూ కూతుళ్లకూ చిన్న వాటాలు. యుద్ధమొస్తే మాత్రం అందరి తరఫునా సైనికుల్ని లెక్కగట్టి తీసుకెళ్లే బాధ్యత సోర్యోది.

1232లో షోగున్ తరఫున పాలన నడిపిన హోజో యసుతోకి 51 నిబంధనలతో ఒక చట్టం తెచ్చాడు, గోసెయ్‌బయ్ షికిమొకు అంటారు. అందులో రెండు విషయాలు ఇప్పటి కళ్లతో చూసినా ఆశ్చర్యంగా ఉంటాయి. పిల్లలు లేని స్త్రీ ఎవరినైనా దత్తత తీసుకుని తన భూమి రాసివ్వవచ్చు. తల్లిదండ్రులు బిడ్డకి ఇచ్చిన భూమిని, షోగున్ ప్రభుత్వం ముద్రవేసి ధ్రువీకరించాక కూడా, మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. వారసుడు ఎవరన్నది తండ్రి బతికున్నంతకాలం తండ్రి చేతిలోనే ఉండేది, జ్యేష్ఠత్వానికి పెద్ద విలువేం లేదు.

మరి ఎక్కడ దెబ్బతింది? లెక్క వేసి చూద్దాం. ఒక ఇంటికి 240 ఎకరాలు ఉన్నాయనుకోండి (అంకెలు నావి, ఉదాహరణకి). సోర్యోకి సగం, 120. మిగిలిన ముగ్గురు పిల్లలకి తలా 40. తర్వాతి తరంలో సోర్యో వాటా 60కి దిగుతుంది, ఆ తర్వాత 30కి. చిన్న కొమ్మలవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు, రెండో తరానికే ఒక గుర్రాన్నీ కవచాన్నీ పోషించే స్తోమత ఉండదు. కొత్త భూములు చేతికొస్తున్నంత కాలం ఇది బయటపడలేదు. 1274లోనూ 1281లోనూ మంగోలులు దండెత్తి వచ్చినప్పుడు సమురాయ్‌లు అప్పోసప్పో చేసి పోరాడి గెలిచారు, కానీ అది ఆత్మరక్షణ యుద్ధం, గెలిచినా పంచడానికి అంగుళం నేల రాలేదు. ఆ తర్వాతే వాటాలు ఆపాలన్న పట్టుదల పెరిగింది. ఆడపిల్లలకి ఇచ్చేది ముందు "బతికున్నంత కాలమే" అన్న షరతు కిందికి వచ్చింది, ఆమె పోయాక భూమి తిరిగి సోర్యోకే. తర్వాత అదీ పోయింది.

జపనీస్‌లో తెలివితక్కువవాణ్ణి "తవాకె" అని తిడతారు. "త" అంటే పొలం, "వకె" అంటే పంపకం, పొలం ముక్కలు చేసినవాడే మూర్ఖుడు అని ఒక కథ చెబుతారు. భాషావేత్తలు ఈ వ్యుత్పత్తిని ఒప్పుకోరు. అయినా ఆ కథ అంతగా జనం నోళ్లలో నానిందంటే పంపకాల భయం ఎంతుందో తెలుస్తుంది.

ఒక్కడికే అంతా అన్నాక మొదలైన కొట్లాట

పద్నాలుగు, పదిహేను శతాబ్దాలకల్లా ఇల్లు మొత్తం ఒక్కడికే అన్న పద్ధతి స్థిరపడింది. భూమి ముక్కలవడం ఆగింది. కానీ ఆ ఒక్కడు ఎవరన్నదానికి ఖాయమైన నియమం లేదు. పెద్దకొడుకా, సమర్థుడా, పట్టపు భార్య కొడుకా, తండ్రి రాసిన కాగితంలో ఉన్నవాడా, ఇంట్లోని పెద్ద సమురాయ్‌లు ఒప్పుకున్నవాడా? వాటాలున్న రోజుల్లో ఓడిపోయినవాడికి కనీసం ఒక చిన్న వాటా మిగిలేది. ఇప్పుడు ఓడితే సున్నా. సహజంగానే కత్తులు లేచాయి.

ఎంత తేలని వ్యవహారమో చెప్పడానికి షోగున్ ఇంటినే చూడండి. 1428లో అషికాగా యోషిమోచి వారసుణ్ణి చెప్పకుండానే కన్నుమూశాడు, ఒక్కగానొక్క కొడుకు అప్పటికే పోయాడు. తమ్ముళ్లు నలుగురున్నారు, నలుగురూ సన్యాసులే. ఇవషిమిజు హచిమాన్ ఆలయంలో దేవుడి ముందు చీటీలు తీశారు. అలా చీటీలో వచ్చినవాడే ఆరో షోగున్ యోషినోరి. దేవుడే ఎన్నుకున్నాడు కదా అని ఊరుకోలేదాయన, ఇతర ప్రభువుల ఇళ్లలో ఎవరు వారసుడో తానే నిర్ణయించడం మొదలుపెట్టాడు. ఆ భయంతోనే 1441లో అకమత్సు మిత్సుసుకె అనే ప్రభువు విందుకి పిలిచి ఆయన్ని చంపించాడు.

ఓనిన్ యుద్ధం (1467–1477) గురించి మీరు వినే ఉంటారు. క్యోతో నగరాన్ని బూడిద చేసిన పదకొండేళ్ల పోరు. ఎక్కువమంది చెప్పే కథ ఇది: ఎనిమిదో షోగున్ యోషిమసకి కొడుకులు లేరు, సన్యాసిగా ఉన్న తమ్ముడు యోషిమిని 1464లో బతిమాలి వారసుడిగా తెచ్చుకున్నాడు, మరుసటి ఏడాదే భార్య హినో తోమికోకి కొడుకు పుట్టాడు, ఆమె తన కొడుకు కోసం దేశాన్ని తగలబెట్టింది. కైకేయి కథ తెలిసినవాళ్లకి ఇది ఇట్టే ఎక్కుతుంది, అందుకే కాస్త అనుమానించాలి కూడా.

ఇప్పటి చరిత్రకారుల్లో చాలామంది తోమికో మీద నింద తర్వాతి యుద్ధగాథల్లో పెంచిందేనంటారు. వాళ్ల వాదన ప్రకారం అసలు నిప్పు హతకెయమా అనే ప్రభువుల ఇంట్లో పుట్టింది. ఆ ఇంటి పెద్ద ముందు తమ్ముణ్ణి వారసుడన్నాడు, తర్వాత మాట మార్చి సొంత కొడుకు యోషినారి అన్నాడు, ఇంటి సమురాయ్‌లేమో తమ్ముడి కొడుకు మసనగ వైపు నిలబడ్డారు. 1467 జనవరిలో క్యోతోలో తొలి పోరు జరిగింది ఈ ఇద్దరి మధ్యే. షిబా ఇంట్లోనూ ఇలాంటి గొడవే. పెద్ద ప్రభువులు హొసోకవా కత్సుమోతో, యమనా సోజెన్ తలో పక్షం పట్టారు, షోగున్ ఇంటి గొడవ వాటికి తోడైంది. ఇంకో సంగతి, తోమికో కొడుకు 1489లో చనిపోయాక ఆమె మద్దతిచ్చింది ఎవరికనుకున్నారు? ఆ యోషిమి కొడుక్కే. ఆయన ఆమె చెల్లెలి కొడుకు కూడా. ఏ వాదన నమ్మినా ఒకటి తప్పదు: యుద్ధం మొదలైనప్పుడు మూడు పెద్ద ఇళ్లలో ఒకేసారి "వారసుడెవరు" అన్న ప్రశ్నకు జవాబు లేదు.

పిల్లల్ని పక్క ఇళ్లలోకి నాటడం

తర్వాతి నూరేళ్లు యుద్ధాల కాలం. ఇక్కడ దత్తత పూర్తిగా రాజకీయ పరికరంగా మారింది. పశ్చిమ జపాన్‌లో మోరి మొతోనారి తన రెండో కొడుకుని కిక్కవా ఇంటికి, మూడో కొడుకుని కొబయకవా ఇంటికి దత్తతగా పంపాడు. రెండూ బలమైన పొరుగు ఇళ్లు. యుద్ధం చేయకుండానే రెండు సైన్యాలు చేతికి వచ్చాయి, పైగా సొంత ఇంట్లో పెద్దకొడుకుతో పోటీపడే తమ్ముళ్లు లేకుండా పోయారు. ఒక దెబ్బకి రెండు పిట్టలు. మూడు బాణాల్ని కలిపి విరవలేరని ముగ్గురు కొడుకులకీ చూపించాడన్న ప్రసిద్ధ కథ మాత్రం తర్వాత అల్లింది. కలిసుండండి అని 1557లో ఆయన కొడుకులకి రాసిన పొడవాటి ఉత్తరం నిజమైనది, ఇప్పటికీ ఉంది.

ఆడవాళ్ల పాత్ర తగ్గినా పూర్తిగా పోలేదు. క్యూషూలో తచిబనా దోసెత్సు 1575లో తన ఏడేళ్ల కూతురు గిన్‌చియోకి కోటనీ ఇంటి పెద్దరికాన్నీ రాసిచ్చాడు. ఆరేళ్ల తర్వాత ఆమెకి పెళ్లి చేసి అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుని తచిబనా ఇంటిపేరిచ్చాడు. ఇల్లరికపు అల్లుణ్ణి ఏకంగా దత్తపుత్రుణ్ణి చేయడం జపాన్‌లో బాగా పాతుకుపోయిన పద్ధతి. మన దగ్గర ఇల్లరికం వెళ్లినవాడు అత్తారింటి పేరు పెట్టుకోడు, అక్కడ పెట్టుకుంటాడు. అంతే తేడా, కానీ పెద్ద తేడా.

దత్తత తీసుకున్నాక సొంత కొడుకు పుడితే? యుద్ధాల కాలం చివర జపాన్‌ని ఏకం చేసిన తొయొతోమి హిదెయోషి ఇంట్లో జరిగింది అదే. పసికొడుకు 1591లో చనిపోతే అక్క కొడుకు హిదెత్సుగుని దత్తత తీసుకుని తన పదవి కూడా ఇచ్చేశాడు. 1593లో హిదెయోరి పుట్టాడు. 1595లో హిదెత్సుగుని కోయా కొండ మీద కడుపు కోసుకోమన్నాడు, ఆయన భార్యల్నీ పిల్లల్నీ, ముప్పై మందికి పైగా, క్యోతో నది ఒడ్డున నరికించాడు. కొడుకు కోసం చేసిన ఆ పని కొడుక్కే శాపమైంది. 1598లో హిదెయోషి పోయేనాటికి హిదెయోరికి ఐదేళ్లు, చుట్టూ అండగా నిలబడే పెద్దవాడైన బంధువు ఒక్కడూ మిగల్లేదు. 1615లో ఒసాకా కోటతో పాటు ఆ ఇల్లే అంతరించింది.

ఒక్క ఇంటిని వెంబడిస్తే: ఉయెసుగి

ఇక్కడి నుంచి ఒక్క ఇంటినే పట్టుకుని నడుద్దాం. ఉయెసుగి కెన్షిన్ పేరు వీడియో గేములు ఆడేవాళ్లకి కూడా తెలుసు. నిజానికి ఆయన ఉయెసుగిగా పుట్టలేదు, ఎచిగో సీమలో నగావో ఇంట్లో కగెతోరాగా పుట్టాడు. ఉయెసుగి ఇంటి పెద్ద నొరిమస యుద్ధంలో ఓడి ఆయన్ని ఆశ్రయించి, 1561లో తన ఇంటిపేరునీ తూర్పు జపాన్ మీద తనకున్న పదవినీ ఆయనకి అప్పగించాడు. ఆయన పేర్లు వరసగా కగెతోరా, మసతోరా, తెరుతోరా, కెన్షిన్. పై అధికారి తన పేరులోంచి ఒక అక్షరం కానుకగా ఇవ్వడం అక్కడి మర్యాద, తెరుతోరాలోని "తెరు" షోగున్ యోషితెరు ఇచ్చింది. సిరీస్‌లలో పేర్లు మారిపోవడానికి కారణం ఎక్కువగా ఇదే.

కెన్షిన్ పెళ్లి చేసుకోలేదు. వారసులు కాగల దత్తపుత్రులు ఇద్దరు. ఒకరు అక్క కొడుకు కగెకత్సు. ఇంకొకరు పొత్తు కుదిరినప్పుడు హోజో ఇంటి నుంచి వచ్చిన కుర్రాడు, అతనికి కెన్షిన్ తన సొంత పాతపేరు కగెతోరా ఇచ్చాడు. 1578 మార్చిలో కెన్షిన్ కోటలో కుప్పకూలి, స్పృహ రాకుండానే కొన్నాళ్లలో పోయాడు.

ఎవరు వారసుడు? తన పేరే ఇచ్చాడంటే కగెతోరానే అని ఒక వాదన. తన బిరుదుని కగెకత్సుకి ఇచ్చాడు కాబట్టి అతనే అని ఇంకోటి. ఎచిగో సీమ ఒకరికి, తూర్పు ప్రాంతపు పదవి మరొకరికి ఇవ్వాలనుకున్నాడని మూడోది. చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు, పాపం ఆనాటి సమురాయ్‌లూ తేల్చుకోలేకే ఏడాదికి పైగా కొట్టుకున్నారు. కగెకత్సు ముందుగా కోటలోని ప్రధాన భాగాన్నీ ఖజానానీ పట్టేశాడు, అక్కడే సగం గెలిచాడు. 1579లో కగెతోరా ఆత్మహత్య చేసుకున్నాడు. సంధి మాట్లాడదామని బయల్దేరిన ముసలి నొరిమసనీ, కగెతోరా చిన్న కొడుకునీ దారిలోనే చంపేశారు. అంటే ఇంటిపేరు ఇచ్చిన అసలు ఉయెసుగి, ఆ పేరు పెట్టుకున్నవాళ్ల పోరులో పోయాడన్నమాట.

తొకుగావాలు పెట్టిన రెండు తాళాలు

1603లో షోగున్ అయిన తొకుగావా ఇయెయసు ఇవన్నీ కళ్లారా చూసినవాడు. రెండేళ్లకే పదవిని కొడుకు హిదెతదకి ఇచ్చేసి పక్కన కూర్చుని చక్రం తిప్పాడు, తాను పోయాక గొడవ రాకుండా. మనవళ్లలో తల్లిదండ్రులు చిన్నవాడు తదనగ మీద మొగ్గు చూపిస్తే, పెద్దవాడు ఇయెమిత్సుకే అని తేల్చేశాడు. పెద్దకొడుకుకే అన్న నియమం అలా పైనుంచి కిందికి దిగింది. ఇది మొదటి తాళం. తెలివైనవాణ్ణి ఎంచుకునే వీలు పోతుంది నిజమే, కానీ ఎవరన్నది పుట్టుకతోనే తేలిపోతుంది కాబట్టి గొడవకి తావు తగ్గుతుంది. ఇయెయసు కోరుకున్నది అదే.

రెండోది ఇంకా గట్టిది. ఏ దైమ్యో వారసుడైనా షోగున్ అనుమతితోనే వారసుడవుతాడు. ముందే పేరు నమోదు చేయాలి, షోగున్ ఉండే ఎడో నగరానికి (ఇప్పటి టోక్యో) వచ్చి దర్శనం చేసుకోవాలి. పిల్లల్లేని ప్రభువు మరణశయ్య మీద హడావిడిగా దత్తత తీసుకుంటే చెల్లదు. అంతే, సీమ షోగున్‌కి పోతుంది. డల్హౌసీ రాజ్యసంక్రమణ సిద్ధాంతం గుర్తొస్తే ఆశ్చర్యం లేదు, కానీ ఒక తేడా గమనించాలి: కంపెనీ తీసుకున్నవి కంపెనీ దగ్గరే ఉండిపోయాయి, షోగున్ మాత్రం ఆ సీమల్లో చాలావాటిని మళ్లీ వేరే దైమ్యోలకు ఇచ్చేవాడు.

1633లో మత్సుయె ప్రభువు హోరియో తదహారు, 1634లో గమో తదతోమో ఇలాగే వారసుల్లేక పోతే ఆ ఇళ్లు మూతపడ్డాయి. ప్రభువు ఇల్లు మూతపడితే వీధిన పడేది ఆయన కుటుంబం మాత్రమే కాదు, ఆయన్ని నమ్ముకున్న సమురాయ్‌లంతా యజమాని లేని రోనిన్‌లవుతారు. కత్తి తప్ప పని తెలియని నిరుద్యోగులు వేలల్లో పోగయ్యారు. 1651లో ఇయెమిత్సు చనిపోయి పదేళ్ల పిల్లాడు షోగున్ కాగానే యుయి షోసెత్సు అనేవాడు అలాంటి రోనిన్‌లని కూడగట్టి తిరుగుబాటుకి కుట్ర పన్నాడు. కుట్ర ముందే బయటపడింది, కానీ ప్రభుత్వానికి చెమటలు పట్టాయి. అదే ఏడాది నిబంధన సడలింది: 50 ఏళ్ల లోపు ప్రభువైతే మరణశయ్య మీద దత్తత చెల్లుతుంది. భయంతోనే సడలించారని కొందరంటారు. అప్పటికి దైమ్యోలందరూ లొంగిపోయారు కాబట్టి ఇళ్లు కూల్చే అవసరమే తీరిపోయిందని ఇంకొందరు. నాకైతే రెండూ ఒకదానికొకటి అడ్డు అనిపించవు.

1664: ఒక్క కాగితం లేక సగం రాజ్యం పోయింది

ఉయెసుగిల దగ్గరికి తిరిగొద్దాం. కగెకత్సు 1600లో ఇయెయసుకి ఎదురు నిలిచినందుకు 12 లక్షల కొకుల నుంచి 3 లక్షలకి దిగి యొనెజవాకి మారాడు. ఆయన మనవడు త్సునకత్సు 1664లో పాతికేళ్ల వయసులో ఉన్నట్టుండి చనిపోయాడు. పిల్లల్లేరు. సడలించిన నిబంధన ఆయన్ని కాపాడేదే, కానీ ఆయన ఎవరినీ దత్తతగా నమోదు చేయలేదు. నియమం ప్రకారం ఇల్లు రద్దు.

కాపాడింది మామగారు హొషినా మసయుకి. ఆయన షోగున్‌కి బాబాయి వరస, మాట చెల్లేవాడు. త్సునకత్సు చెల్లెల్ని చేసుకున్న కిరా యోషినక కొడుకుని, అప్పటికి నెలల పిల్లాణ్ణి, వారసుడిగా ఒప్పించాడు. శిక్ష లేకుండా పోలేదు: 3 లక్షల కొకులు లక్షా 50 వేలయ్యాయి. సమురాయ్‌లని మాత్రం ఇల్లు పెద్దగా తగ్గించుకోలేదు. ఆదాయం సగం, జీతాలు దాదాపు పాతవే. మనింట్లో అలాగైతే ఏమవుతుందో యొనెజవాలోనూ అదే అయింది, నూరేళ్ల తర్వాత 1764లో అప్పటి ప్రభువు షిగెసద సీమని షోగున్‌కి తిరిగిచ్చేద్దామా అని ఆలోచించే దాకా వెళ్లింది.

కిరా యోషినక పేరు ఎక్కడో విన్నట్టుందా? తమ ప్రభువు చావుకి కారకుడని 47 మంది రోనిన్‌లు పగ తీర్చుకున్న ప్రసిద్ధ కథ ఉంది కదా, ఆ పగ ఆయన మీదే. ఆయన సొంత వారసుడు పోతే, ఉయెసుగికి ఇచ్చిన కొడుకు దగ్గర్నుంచి మనవణ్ణి తెచ్చుకుని తన కొడుకుగా దత్తత తీసుకున్నాడు. తాత కాస్తా తండ్రి అయ్యాడు. వంశవృక్షం గీయబోతే గీతలు వెనక్కి తిరుగుతాయి.

కాగితం మీద బతికున్న ప్రభువులు

నిబంధనలు ఎంత కచ్చితమైతే వాటి చుట్టూ దారులూ అంత ఎక్కువ. 17 ఏళ్లు నిండని ప్రభువుకి దత్తత తీసుకునే వీల్లేదు, అందుకని పిల్లాడు పుట్టగానే వయసు ఎక్కువ చేసి నమోదు చేసేవారు. అసలు వయసు ఒకటి, ప్రభుత్వ రికార్డు వయసు ఇంకోటి. స్కూల్లో చేర్చేటప్పుడు పుట్టినతేదీ సర్దిన మన పెద్దవాళ్లకి ఇది వింతేం కాదు. వారసుడు లేని ప్రభువు ఎడో నుంచి సొంత సీమకి వెళ్లేటప్పుడు తాత్కాలిక వారసుడి పేరు సీలువేసిన కవరులో ఇచ్చి వెళ్లేవాడు, క్షేమంగా తిరిగొస్తే కవరు విప్పకుండా వెనక్కి ఇచ్చేసేవారు. మరణశయ్య దత్తతకి అధికారి స్వయంగా వచ్చి ప్రభువు ముద్ర వేయడం చూడాలి, కానీ అప్పటికే ఆయన పోయి ఉన్న సందర్భాల్లోనూ తెర అవతల ఉన్నట్టే నడిపించిన దాఖలాలున్నాయి.

అన్నిటికన్నా విచిత్రం 1860 మార్చిది. షోగున్ ప్రభుత్వంలో అత్యంత శక్తిమంతుడైన హికోనె ప్రభువు ఈయి నవోసుకెని ఎడో కోట గుమ్మం దగ్గర పట్టపగలు మంచులో నరికి తల పట్టుకుపోయారు. ఊరంతా చూసింది. అధికారికంగా మాత్రం ఆయన గాయపడి ఇంట్లో ఉన్నాడు, షోగున్ నుంచి పరామర్శలు కూడా వచ్చాయి. కొడుకు వారసత్వం ఖాయమయ్యేదాకా ఆయన చనిపోలేదు. సమాధి మీద తేదీ కూడా వారాల తర్వాతిదే.

ఈ నవోసుకె కథే ఇంకో సంగతి చెబుతుంది. ఆయన 14వ కొడుకు. పెద్దవాడికే అన్నీ అన్న పద్ధతిలో మిగతావాళ్లకి ఉండేది రెండే దారులు, ఎవరింటికైనా దత్తత వెళ్లడం లేదా అన్న పెట్టింది తింటూ మూలన కూర్చోవడం. 32 ఏళ్ల దాకా 300 బస్తాల బియ్యం భృతితో చిన్న ఇంట్లో గడిపాడు, ఆ ఇంటికి తానే "పూడిపోయిన మొద్దు ఇల్లు" అని పేరు పెట్టుకున్నాడు. అన్న వారసుడు 1846లో పోవడంతో రాత మారింది.

రక్తం ముఖ్యమా, ఇల్లు ముఖ్యమా: అప్పట్లోనే వాదన

ఇదంతా అందరికీ నచ్చలేదు. కన్ఫ్యూషియన్ పండితుల దృష్టిలో పరాయి ఇంటివాడు పెట్టిన నైవేద్యాన్ని పూర్వీకులు స్వీకరించరు. చైనాలో, కొరియాలో దత్తత తీసుకుంటే అదే వంశంవాణ్ణే తీసుకోవాలి. మన దగ్గర పిండం పెట్టే హక్కు గురించిన పట్టింపుకి ఇది దగ్గరి చుట్టం. అలాంటి పండితుడు యమజాకి అన్సాయ్ శిష్యుల్లో ఈ పరాయి దత్తతల మీద గట్టి చర్చే నడిచింది. తమాషా ఏంటంటే ఆ అన్సాయ్‌ని పోషించిన ప్రభువు హొషినా మసయుకి, షోగున్ రక్తం పంచుకుని పుట్టి హొషినా ఇంటికి దత్తత వెళ్లినవాడు, ఉయెసుగి దత్తతని దగ్గరుండి చేయించినవాడు. ప్రభుత్వం మధ్యేమార్గం పట్టింది: ముందు సొంత వంశంలో వెతకండి, లేకపోతే బయట చూసుకోండి.

దత్తత వల్ల సమర్థులు పైకి వచ్చారా అన్నది ఇప్పటి చరిత్రకారుల మధ్య ఇంకో చర్చ. చేతకాని కొడుకుని తప్పించే వెసులుబాటు అది అన్నమాట నిజమే. కానీ ఎంపికలో తెలివితేటలకన్నా పలుకుబడి, వెంట వచ్చే డబ్బు ఎక్కువ పనిచేసిన సందర్భాలూ బోలెడు. పదకొండో షోగున్ ఇయెనారికి 50 మందికి పైగా సంతానం, వాళ్లని దైమ్యోల ఇళ్లకి దత్తతలుగా కోడళ్లుగా అంటగట్టాడు, కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

మితో ప్రభువు మిత్సుకుని చేసింది వీటన్నిటికీ భిన్నం. మూడో కొడుకైన తనని అన్నని కాదని వారసుణ్ణి చేశారన్న బాధ ఆయన్ని జీవితమంతా వదల్లేదు. అన్న కొడుకుని తన వారసుడిగా తెచ్చుకుని, తన సొంత కొడుకుని అన్న సీమ తకమత్సుకి వారసుడిగా పంపాడు. అన్నదమ్ములు కొడుకుల్ని మార్చుకున్నారు.

దత్తత కుదరని ఒక్క ఇల్లు

ప్రభువుల పాలన 1871లో సీమల రద్దుతో ముగిసింది. 1898 పౌరచట్టం మాత్రం ఇంటి పెద్దరికం పెద్దకొడుకుకే అన్న సమురాయ్ పద్ధతిని దేశంలో అందరికీ వర్తింపజేసింది, అది 1947 సవరణ దాకా ఉంది. చక్రవర్తి ఇంటికి వేరే చట్టం. 1889లో తెచ్చిన రాజకుటుంబ చట్టం దత్తతని నిషేధించింది, 1947లో వచ్చిన ఇప్పటి చట్టం తొమ్మిదో అధికరణం కూడా అదే అంటుంది. ఆ ఏడాదే 11 శాఖా కుటుంబాలు రాజహోదా వదులుకున్నాయి. ఇప్పుడు యువతరంలో వారసుడు 2006లో పుట్టిన హిసహితో ఒక్కడే. ఆ పాత శాఖల మగ సంతతిని దత్తతతో వెనక్కి తేవచ్చని 2021లో ప్రభుత్వ నిపుణుల బృందం సూచించింది. మగ వరస తెగకూడదనేవాళ్లు ఇదే దారి అంటున్నారు. తరాలుగా మామూలు పౌరులుగా బతికినవాళ్లని తేవడం కన్నా ఆడపిల్లలకి అవకాశమివ్వడం మేలని ఇంకో పక్షం. ప్రభువుల ఇళ్లలో ఇల్లు నిలిస్తే చాలు, రక్తం ఎవరిదైనా సర్దుకునేవారు. చక్రవర్తి ఇంట్లో లెక్కలోకి వచ్చేది ఆ వరసే కాబట్టి పేచీ అంతా అక్కడే ఉంది.

ఇక యొనెజవా సంగతి. దివాలా అంచున ఉన్న షిగెసద, క్యూషూలో 27 వేల కొకుల చిన్న ప్రభువు కొడుకుని ఇల్లరికపు దత్తతగా తెచ్చుకున్నాడు. ఆ కుర్రాడి అమ్మమ్మ ఉయెసుగి ఆడపడుచే. 1767లో పదహారేళ్లకి ప్రభువైన హరునోరి నూలు బట్టలు కట్టి, ఒక పులుసూ ఒక కూరతో భోంచేసి, అప్పులు తీర్చే దారి పట్టించాడు. 1785లో, నిండా ముప్పై అయిదేళ్లు లేనప్పుడు, పదవిని తన కొడుక్కి కాకుండా షిగెసద కన్నకొడుకు హరుహిరోకి ఇచ్చి తప్పుకున్నాడు. ఇచ్చేటప్పుడు మూడు ముక్కల కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. అందులో మొదటిది, సీమ పూర్వీకుల నుంచి తర్వాతివాళ్లకి అందేదే తప్ప నా సొంతం అనుకోకూడదని.

ఆ ప్రభువుల సమాధులు యొనెజవాలో దేవదారు చెట్ల మధ్య ఇప్పటికీ ఉన్నాయి. నడుమ కెన్షిన్‌ది, అటూ ఇటూ మిగతావాళ్లవి. నగావో ఇంట పుట్టినవాళ్లు, కిరా ఇంట పుట్టినవాడు, అకిజుకి ఇంట పుట్టిన హరునోరి. అన్నిటి మీదా ఇంటిపేరు ఉయెసుగి.